రికవరీ ధర్మ: విశాఖ సాయంత్రాలకు ఎంతవరకు పనికొస్తుంది?

మద్యం మానేసిన తొలి రోజుల్లో ఆసుపత్రివారిచ్చే మందులు శరీరాన్ని కాపాడతాయి గాని, సాయంత్రం ఆరు దాటాక ఏం చేయాలన్నది మందుల చీటీలో ఉండదు. ఆ వేళ కోసమే నేను ‘రికవరీ ధర్మ’ ఆన్‌లైన్ సమావేశాలలో చేరాను. ఆ సమావేశాలనూ, అదే పేరుతో ఆ సంస్థ ప్రచురించిన పుస్తకాన్నీ విశాఖలో కాపురముంటున్న తెలుగువాడిగా ఇక్కడ సమీక్షిస్తున్నాను.

2019లో అమెరికాలో మొదలైన ఈ సంస్థ, దుఃఖానికి మూలం తృష్ణ అన్న బుద్ధుని బోధను నేరుగా వ్యసనానికి అన్వయించి, అష్టాంగ మార్గాన్ని రోజువారీ సాధనగా చూపిస్తుంది. తాగుడు మానదలచినవారి కోసం 1935లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం చూపే పన్నెండు మెట్లలో మనకు మించిన శక్తిని నమ్మి దానికి లోబడటం ముఖ్యమైన భాగం కాగా, ఇక్కడ అటువంటి షరతు లేదు. బౌద్ధం స్వీకరించవలసిన పని కూడా లేదు. రుసుము లేదు, ఇష్టమైతే దానం చేయవచ్చు, పుస్తకం పీడీఎఫ్ ఉచితం. సమావేశాలను నడిపేది వైద్యులో భిక్షువులో కాదు, వ్యసనం నుంచి కోలుకుంటున్నవారే.

సమావేశంలో కొంత పఠనం, సుమారు ఇరవై నిమిషాల ధ్యానం, ఆ తరువాత ఎవరి అనుభవం వారు చెప్పుకోవడం ఉంటాయి. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డుపడరు, సలహా ఇవ్వరు. తాగుడు మానినవాడికి మన ఇళ్లలో బావగారి దగ్గర నుంచి పాలవాడి దాకా ప్రతివారూ సలహాదారులే కనుక, ఏ తీర్పూ లేకుండా వినే మనుషులు దొరకడం ఎంత పెద్ద సంగతో అనుభవిస్తేనే తెలుస్తుంది. కెమెరా ఆపుకొని, నోరు విప్పకుండా కూర్చున్నా ఎవరూ నిలదీయరు.

మద్యం మానడం మనవైపు కొత్త సంగతి కాదు. ఏటా అయ్యప్ప మాల వేసుకొని 41 రోజులు చుక్క ముట్టనివారు ఈ ఊళ్లో వీధికి నలుగురు కనిపిస్తారు. నల్లబట్టలు, చన్నీటి స్నానం, రాత్రి భజన, ఎదురైన ప్రతివారూ ‘స్వామీ’ అని పిలవడం, ఇంట్లో అమాంతం పెరిగే మర్యాద, ఇవన్నీ కలిసి మనిషిని నిలబెడతాయి. ఆ దీక్షను నేను తక్కువ చేయను. మానగలమన్న నమ్మకం చాలామందికి మొదట కలిగేది అక్కడే. అయితే దీక్షకు ముగింపు తేదీ ఉంది, మాల తీసిన రాత్రే సీసా మూత తీసేవారూ ఉన్నారు. బౌద్ధుల పంచశీలలో అయిదవదైన మద్యపాన విరమణకు అటువంటి తేదీ లేదు. దానిని ఎవరికో చెల్లించే మొక్కుగా కాక, తనకు తాను ఇచ్చుకునే శిక్షణగా మళ్లీ మళ్లీ స్వీకరిస్తారు, తప్పితే మరునాడు తిరిగి మొదలుపెడతారు. పుస్తకం ఇక్కడొక అడుగు ముందుకు వేసి, తాగుడు వల్ల ఎవరికి ఏ హాని జరిగింది, ఏ బాధను మరచిపోవడానికి తాగాం వంటి ప్రశ్నలకు కాగితం మీద జవాబులు రాయమంటుంది. నా దృష్టిలో ఈ సేవ మొత్తంలో అత్యంత విలువైన భాగం ఈ ప్రశ్నలే. అత్యంత కష్టమైనవి కూడా ఇవే.

ఇక కోరికను తట్టుకొనే పద్ధతి. తాగాలనిపించినప్పుడు దానితో పోరాడకుండా, అది గొంతులోనో ఛాతీలోనో ఎలా పుడుతున్నదో గమనిస్తూ కూర్చుంటే, ఆర్.కె. బీచిలో అలలాగే అది లేచి, విరిగి, వెనక్కు పోతుంది. చాలాసార్లు అరగంట కూడా పట్టదు. ఈ మెలకువను చికిత్సలోకి తెచ్చినవారిలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ ముఖ్యులు. ఆయన బృందం రూపొందించిన ధ్యాన పద్ధతిని 286 మందితో పరీక్షించిన అధ్యయనం 2014లో వెలువడింది; ఏడాది తరువాత చూస్తే, ఇతర పద్ధతులు పాటించినవారి కంటే ధ్యానం చేసినవారిలో అతిగా తాగిన రోజులు తక్కువగా ఉన్నాయి. ఆ పరీక్ష రికవరీ ధర్మ మీద జరిగినది కాదు. పైగా అందులో పాల్గొన్నవారందరూ అప్పటికే తొలి చికిత్స ముగించినవారు.

ఆ చివరి మాటను తేలికగా తీసుకోకూడదు. ఏళ్ల తరబడి రోజూ తాగుతున్న మనిషి ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, మూర్ఛలు, రెండు మూడు రోజులకు మతిభ్రమ వంటివి వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు. అక్కడ కావలసింది వైద్యుడు, మందులు, బి1 విటమిన్. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల గాని, ఉచిత జాతీయ సహాయవాణి 14446 గాని మొదటి మెట్టు కావాలి. కూరలో రహస్యంగా కలిపే ఆకుమందుల జోలికి పోనేకూడదు.

విశాఖవాసికి అసలు ఇబ్బంది వేళల దగ్గర వస్తుంది. అమెరికా తూర్పు తీరంలో రాత్రి 8 గంటల సమావేశం మనకు వేసవిలో తెల్లవారుజామున 5:30కు, చలికాలంలో 6:30కు పడుతుంది. తాగాలనిపించేది మాత్రం రాత్రి ఏడింటికి, వైన్ షాపు ముందు జనం చేరే వేళకు! ఐరోపా సమావేశాలు కొంత దగ్గరగా ఉంటాయి. నేను హాజరైనవన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. సిగ్గుపడే విషయాన్ని పరభాషలో చెప్పుకోవడం కొందరికి సులువు, నాకు కాలేదు. ఇంగ్లీషు రాని ఆటోడ్రైవరుకో జాలరికో దీనిని ఉన్నదున్నట్టుగా సిఫారసు చేయలేను.

దీనికి విరుగుడు ఆ సంస్థ పద్ధతిలోనే ఉంది, ఎవరైనా సొంతంగా సమావేశం మొదలుపెట్టవచ్చు. మేము కొందరం సెలవు రోజుల్లో తొట్లకొండ ఎక్కి, స్తూపానికి కాస్త దూరంగా కూర్చొని, పుస్తకంలో ఒక పుట తెలుగులో చెప్పుకొని ధ్యానం చేస్తున్నాం. 1976లో నౌకాదళ సర్వేలో బయటపడిన ఆ బౌద్ధారామం, భీమిలి దారిలో ఊరికి సుమారు 15 కిలోమీటర్లే. భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు నేటికీ ఉన్నాయి. స్థలమహిమ అనను గాని, మందు సీసా కనపడని చోట రెండు గంటలు గడవడమే మాకు లాభం.

చికిత్స ముగించుకొని, ఇంగ్లీషు చదవగలిగి, దేవుడి ఊసు లేని తోడు కోరుకునేవారికి దీనిని ధైర్యంగా సూచిస్తాను. అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. తెలుగులో, రాత్రి ఏడింటికి ఒక సమావేశం మొదలైతే మరొకటి కలుపుతాను.