గ్నూక్యాష్ రివ్యూ: రావాల్సిన వడ్డీ, పోయే టాక్స్ ముందే తెలుస్తాయా?

పోయిన జులైలో టాక్స్ రిటర్న్ వేస్తూ 2,023 రూపాయలు ఉత్తి పుణ్యానికి వదిలించుకున్నా, ఆ మంటలోంచే గ్నూక్యాష్ అనే ఈ జమాఖర్చుల సాఫ్ట్‌వేర్ నా ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది కాబట్టి ముందు ఆ గొడవ చెప్తా.

రెండు బ్యాంకుల్లో చెరో 5 లక్షలు ఎఫ్‌డీ వేశా, 7 శాతం, ఐదేళ్లు, క్యుములేటివ్. అంటే వడ్డీ చేతికి రాదు, అసల్లో కలిసిపోతూ ఉంటుంది. మొదటి ఏడాది ఒక్కోదానికి 35,930 వడ్డీ పడింది. టీడీఎస్, అంటే వడ్డీ ఇచ్చేముందే బ్యాంకోడు కోసే టాక్స్, కొయ్యలేదు, ఎందుకంటే అప్పట్లో లిమిట్ ఒక్కో బ్యాంకుకి 40,000 (2025 ఏప్రిల్ నుంచి 50,000 చేశారు), రెండుచోట్లా దానికి లోపలే ఉన్నా. చేతికి రాలేదు, బ్యాంకోడు కొయ్యలేదు, ఇంక మనకేంటి అని హాయిగా ఉన్నా. తీరా ఏఐఎస్ (మన ఆదాయాల మీద టాక్స్ వాళ్ల దగ్గరుండే చిట్టా) తెరిస్తే రెండు వడ్డీలూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. 71,860 మీద 30 శాతం స్లాబు, సెస్సుతో కలిపి 22,420. సరే ఖర్మ, కడదాం అనుకుంటే కింద ఇంకో రెండు లైన్లు, టాక్స్ ఆలస్యానికి వడ్డీ అంట, 234సీ కింద 1,127, 234బీ కింద 896. ఏంటివి అంటే, జీతంలో కోసింది పోగా ఇంకా కట్టాల్సిన టాక్స్ 10,000 దాటితే అడ్వాన్స్ టాక్స్ కట్టాలంట, జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి మొత్తం. నేను నాలుగు తారీకులూ మిస్సు. ఆఫీసులో ఇతర ఆదాయం ఇంత ఉందని ముందే డిక్లేర్ చేసినా జీతంలోనే కోసేసేవాళ్లు, అదీ చెయ్యలా.

దానికి ముందు ఫోన్‌లో ఒక యాప్ వాడేవాడిని, పేరెందుకులే. ఎస్ఎంఎస్‌లు చదివి లెక్కలు అదే వేసుకునేది. దాని బాధేంటంటే బ్యాంకులో పడింది మాత్రమే దానికి ఆదాయం. పడకుండా పెరిగే వడ్డీ దానికి కనపడదు, టీడీఎస్ పోగా మిగిలింది పడితే అదే పూర్తి వడ్డీ అనుకుంటుంది, పైగా వారానికోసారి మీకు లోన్ రెడీగా ఉంది తీసుకోండి అని పోరు. తీసేశా.

గ్నూక్యాష్ కొత్తదేం కాదు, మొదటి స్టేబుల్ వెర్షన్ 1998లో వచ్చింది, ఉచితం, విండోస్ మాక్ లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది, ఫైల్ మన కంప్యూటర్లోనే ఉంటుంది, ఎవడి సర్వర్‌కీ పోదు. చూడ్డానికి మాత్రం మన చిన్నప్పటి ఇంటర్నెట్ సెంటర్ సాఫ్ట్‌వేర్లా ఉంటుంది, అందం మీద ఆశ పెట్టుకోకండి. లోపల నడిచేది డబుల్ ఎంట్రీ, ప్రతి రూపాయీ ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి వెళ్లాల్సిందే. కామర్స్ చదివినవాళ్లకి ఇది పప్పన్నం. నాలాంటి ఇంజనీరింగ్ బ్యాచ్‌కి మొదటి రెండు వారాలు తల ప్రాణం తోకకొచ్చింది, ఏ ఎంట్రీ వేసినా రెండు వైపులా కుదరక ఇంబ్యాలెన్స్ ఐఎన్ఆర్ అని ఒక ఖాతా దానంతటదే పుట్టేది, అందులో చెత్తంతా పేరుకునేది.

కానీ ఒక్కసారి అర్థమయ్యాక దీని అసలు రుచి తెలిసింది మా నాన్నగారి లెక్కల దగ్గర. ఆయన రిటైరయ్యాక వచ్చిన డబ్బులో 15 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో పెట్టారు, 8.2 శాతం, మూడు నెలలకోసారి 30,750 రావాలి. ఆగస్టులో కూర్చుని ఆ ఏడాది ఏప్రిల్ నుంచి పాత ఎంట్రీలన్నీ వేస్తున్నా, నాన్న పక్కన కూర్చుని డైరీ చూసి అంకెలు చెప్తున్నారు. ఆయన డైరీ అంటే ఎల్ఐసీ వాళ్లిచ్చిన డైరీ, ఎర్ర పెన్నుతో వచ్చినవి, నీలం పెన్నుతో పోయినవి. జులై 1 దగ్గరికొచ్చాం. వడ్డీ ఆదాయం వైపు 30,750 కొట్టా, బ్యాంకు వైపు ఎంత అంటే "27,675" అన్నారు. కుదర్లా. 3,075 తేడా, కింద ఇంబ్యాలెన్స్ అని మళ్లీ ప్రత్యక్షం. నాన్నా అంకె సరిగ్గా చూడండి అంటే "సరిగ్గానే ఉంది రా, అంతే పడింది" అన్నారు. సరిగ్గా 10 శాతం పోయింది. అదన్నమాట, టీడీఎస్ కోశారు. సీనియర్లకి లక్ష దాటితే కోస్తారు, ఈయనది ఏడాదికి 1,23,000. కానీ ఏప్రిల్లోనే టీడీఎస్ కొయ్యొద్దని 15హెచ్ ఫారం ఇచ్చొచ్చాం కదా! ఆ బ్రాంచ్‌కి వెళ్లి అడిగితే ఫారం తీసుకున్నారు గానీ సిస్టంలో ఎక్కించలేదంట. మళ్లీ ఇచ్చి ఈసారి ముద్ర వేయించుకున్న కాపీ తెచ్చుకున్నాం, అక్టోబర్ నుంచి పూర్తిగా పడుతోంది.

ఆ 3,075 పోయినట్టు కాదు కదా, రిఫండ్ రావాలి. అందుకే ఆస్తుల కింద టీడీఎస్ రావాల్సింది అని ఒక ఖాతా తెరిచా. ఇప్పుడు ఎంట్రీ ఇలా ఉంటుంది, ఆదాయం 30,750, అందులో 27,675 బ్యాంకుకి, 3,075 ఈ ఖాతాకి. ఎవరు ఎప్పుడు ఎంత కోసినా ఇందులోకే వస్తుంది, రిటర్న్ టైంలో ఈ ఖాతా మొత్తమూ, మన పేరున కోసిన టాక్సంతా చూపించే 26ఏఎస్‌లో మొత్తమూ ఒకటేనా కాదా చూస్తే చాలు. నన్నడిగితే ఈ ఒక్క ఖాతా కోసం ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవచ్చు. నా క్యుములేటివ్ ఎఫ్‌డీలకీ ఇదే వైద్యం, వడ్డీ ఆదాయంలోంచి నేరుగా ఎఫ్‌డీ ఖాతాలోకి వెళ్తుంది, బ్యాంకు ఖాతా ముట్టుకోదు, కానీ ఆదాయం మాత్రం లెక్కలో పడుతుంది.

ఇక ముందు రాబోయేది. షెడ్యూల్డ్ ట్రాన్సాక్షన్స్ అని ఉంటాయి, ఇన్ని నెలలకోసారి ఈ తారీకున ఇంత అని చెప్పి, ఎన్ని రోజుల ముందే ఎంట్రీ వెయ్యాలో కూడా పెట్టుకోవచ్చు. నేను 90 రోజులు పెట్టా. ఫైల్ తెరవగానే పోయినసారి నుంచి ఇప్పటిదాకా ఇవి అయ్యాయి, ఇవి రాబోతున్నాయి అని ఒక లిస్టు చూపిస్తుంది. బంగారం బాండ్లకి ఇది భలే కుదిరింది, ఎందుకంటే వడ్డీ ఇష్యూ ధర మీద 2.5 శాతమే, నేను పెట్టిన లక్షకి ఆర్నెల్లకోసారి 1,250, బంగారం ఎంత పెరిగినా అంతే. దాని మీద టీడీఎస్ ఉండదు కాబట్టి అందరూ మర్చిపోయే వడ్డీ కూడా అదే, టాక్స్ మాత్రం ఉంది.

డివిడెండ్లే తలనొప్పి, ఎంతిస్తారో ఎవడికి తెలుసు. వాటికి అంకె బదులు ఒక పేరు రాసి వదిలేస్తే టైం వచ్చినప్పుడు ఎంత అని అదే అడుగుతుంది, అది బాగుంది. ఇక్కడో ఊరట ఏంటంటే ఊహించని డివిడెండ్ వల్ల అడ్వాన్స్ టాక్స్ తక్కువైతే, మిగిలిన వాయిదాల్లో కట్టేసినవాళ్లకి 234సీ పడదు. అందుకని డివిడెండ్లు అంచనాలో వెయ్యడం మానేసి వచ్చాకే వేస్తున్నా.

ఇప్పుడు తిట్టాల్సినవి. మన టాక్స్ దీనికి తెలీదు. టాక్స్ రిపోర్ట్ అని ఒకటి ఉంది గానీ అది అమెరికా వాళ్ల ఫారాలకి చేసింది, మన స్లాబులు, 87ఏ రిబేటు, షేర్ల లాంగ్ టర్మ్ లాభాల్లో 1.25 లక్షల మినహాయింపు, ఇవేవీ అడక్కండి. నేను వడ్డీ మొత్తాలు దీంట్లోంచి తీసి ఎక్సెల్ లాంటి లిబ్రె ఆఫీస్ కాల్క్‌లో నాలుగు వాయిదాల లెక్క వేసుకుంటా, అది పావుగంట పని. మ్యూచువల్ ఫండ్ల ఎన్ఏవీలు (యూనిట్ ధరలు) ఫండ్ కంపెనీల సంఘం ఆంఫి నుంచి తెచ్చుకునే ఏర్పాటు ఉంది, కానీ అది ఎక్కించుకోడానికి ఒక ఆదివారం బలైంది. ఇంకా, ఎస్ఎంఎస్ చదివి తనంతట తాను వేసుకునే సదుపాయం లేదు, అన్నీ మనమే వెయ్యాలి. నెలకో గంట కూర్చోలేనివాళ్లు దీని జోలికి రావద్దు, మూడు నెలలు వదిలేస్తే మళ్లీ ముట్టుకోబుద్ధి కాదు.

ఒకే బ్యాంకు, ఒకే ఎఫ్‌డీ, మిగతాదంతా జీతం అయితే ఇదంతా పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, ఒక పేజీ షీట్ చాలు. నాలుగైదు చోట్ల డబ్బులుండి, అమ్మానాన్నల లెక్కలు కూడా చూసేవాళ్లకైతే కళ్లు మూసుకుని చెప్తా. 5కి 4. డిసెంబర్ వాయిదా 14నే కట్టేశా, జీవితంలో మొదటిసారి.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు కాస్త గొప్పగా నాన్నకి ఏడాది మొత్తం అంచనా ప్రింట్ తీసిచ్చా, ఇదిగో మార్చి దాకా మీకొచ్చేది ఇంత అని. కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో లైనూ చూసుకుంటూ వెళ్లి ఆగారు. "ఏడాదికి నాలుగు వడ్డీలే కదరా, నీ కంప్యూటర్లో ఐదున్నాయేంటి?" చూస్తే నిజమే. ఏప్రిల్, జులై నేను చేత్తో 1వ తారీకుకి వేశా, తర్వాత షెడ్యూల్ పెట్టేటప్పుడు నెలాఖరు రోజు అని నొక్కినట్టున్నా, సెప్టెంబర్ 30, డిసెంబర్ 31, మార్చి 31 పడ్డాయి. ఏప్రిల్ 1న రావాల్సింది ఒకరోజు ముందే వచ్చి ఈ ఏడాదిలో దూరి కూర్చుంది, 1,23,000 కాస్తా 1,53,750 అయింది. నేను సరిచేస్తుంటే ఆయన డైరీ తీసి, ఎర్ర పెన్నుతో ఏప్రిల్ 1 పేజీలో 30,750 అని ముందే రాసిపెట్టుకున్నది చూపించారు.