నార్మన్ వంశవృక్షం అమ్ముతామనేవాళ్ళతో జాగ్రత్త

అమ్మినవాడి పేరు రాయను, రాయనక్కరలేదు కూడా. ఐర్లండ్‌లో ఉన్న మనవాళ్ళలో చాలామందికి ఆ ప్రకటన ఫోన్లో కనిపించే ఉంటుంది. కూలిపోయిన కోట బొమ్మ, దాని మీద పెద్దింటి చిహ్నంగా వేసే డాలు, కింద బంగారు అక్షరాలతో ‘మీ నార్మన్ పూర్వీకులను మీకు అప్పగిస్తాం’. నార్మన్లంటే పన్నెండో శతాబ్దంలో ఇంగ్లండ్, వేల్స్ వైపు నుంచి వచ్చి ఐర్లండ్‌లో భూములు ఆక్రమించినవాళ్ళు. ఆ పెద్దమనిషికే నేను 650 యూరోలు సమర్పించుకున్నాను. ముందుగానే, మొత్తం.

ముందు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. మా అత్తవారి ఇంటిపేరు పర్సెల్, టిప్పెరరీ వాళ్ళు. డబ్లిన్ నుంచి కార్క్ వెళ్ళే రైల్లో టెంపుల్‌మోర్ దాటాక, థర్లెస్ రాకముందు పొలాల మధ్య లాక్‌మో కోట కనిపిస్తుంది. ఇప్పుడు మొండిగోడలే. అది పర్సెల్ బారన్లది (బారన్ అంటే జమీందారు లాంటి బిరుదు), ఆ బిరుదు 1328లో ఆ ప్రాంతపు పెద్ద ప్రభువు, మొదటి ఆర్మండ్ ఎర్ల్ జేమ్స్ బట్లర్ ఇచ్చింది. కోట కనిపించినప్పుడల్లా మామగారు “అదిగో మన ఇల్లు” అని నవ్వుతారు. ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకు ఆ మాటకు ఆధారం తెచ్చి చేతిలో పెట్టాలని నా సరదా. మావారు వద్దన్నారు. వింటానా!

పార్సిల్ దివ్యంగా వచ్చింది. మందపాటి కాగితం, మైనం ముద్ర, పట్టుదారం. ఆ బట్లర్ల మూలపురుషుడు థియోబాల్డ్ వాల్టర్ కూతురిని పెళ్ళాడిన హ్యూ పర్సెల్ దగ్గర మొదలుపెట్టి ఎనిమిది వందల ఏళ్ళు నడిపించాడు. మధ్యలో కల్నల్ నికలస్ పర్సెల్. 1691లో విలియం రాజుతో యుద్ధాన్ని ముగించిన లిమరిక్ ఒప్పందం మీద జేమ్స్ రాజు పక్షాన సంతకం చేసినవారిలో ఒకరు. ఆయన పేరు కింద ఎర్రసిరా గీత, గీత చివర ‘కుమారుడు థామస్, జననం 1688’. అక్కడి నుంచి ఒక్క తరం కూడా తప్పకుండా మామగారి ముత్తాత దాకా.

డాలు గురించి చిన్న సందేహం ఉండి ఆ కాగితాన్ని డబ్లిన్ కిల్డేర్ వీధిలోని నేషనల్ లైబ్రరీకి పట్టుకెళ్ళాను. వంశచరిత్ర వెతుక్కునేవాళ్ళకు అక్కడ ఉచితంగా సలహా చెబుతారు. అక్కడున్నావిడ కాగితం పరిచి, పెన్సిల్‌తో పేర్ల వెంట దిగుతూ థామస్ దగ్గర ఆగింది. “నికలస్ 1722లో పోయేనాటికి కొడుకులు లేరండీ, కూతుళ్ళే” అంది. పెన్సిల్ ఇంకాస్త కిందికి జరిగింది. ముత్తాత పేరు పక్కన ఆధారంగా ‘టిప్పెరరీ జనగణన, 1871’ అని ఉంది, పేజీ నంబరుతో సహా. ఈసారి ఆవిడ నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. 1861, 1871 జనగణన పత్రాలను లెక్కలు తీసుకున్నాక ప్రభుత్వమే నాశనం చేసిందట. 1881, 1891లవి మొదటి ప్రపంచయుద్ధంలో కాగితం కరువొచ్చి గుజ్జు కింద పోయాయట. లేని దస్త్రంలోంచి పేజీ నంబరు తీసుకొచ్చాడు మహానుభావుడు.

ఇంటికొచ్చి ఫోన్ చేశాను. మొదట తేనె కారుతూ మాట్లాడాడు, మామగారికి నచ్చిందా అని అడిగాడు. థామస్ ఎక్కడి నుంచి వచ్చాడని అడిగాను.

“1922లో ఫోర్ కోర్ట్స్ తగలబడి దస్త్రాలన్నీ పోయాయమ్మా. మీకు తెలియదేమో.”

తెలుసు. ఫోర్ కోర్ట్స్ అంటే డబ్లిన్‌లోని కోర్టుల సముదాయం, ప్రభుత్వ దస్త్రాలు దాచే పబ్లిక్ రికార్డ్ ఆఫీసు అక్కడే ఉండేది. మరి అన్నీ పోతే మీకు ఈ థామస్ ఎలా దొరికాడు అన్నాను. ఎవరి దగ్గరా లేని దస్త్రాలు నా దగ్గర ఉన్నాయని డబ్బు తీసుకునేటప్పుడు చెప్పింది ఈ మనిషే. కాసేపు అటువైపు నుంచి మాట లేదు. తర్వాత చాలా తాపీగా, “థామస్ లేడని మీరు మాత్రం నిరూపించగలరా?” అన్నాడు.

నోట మాట రాలేదు. నేను తేరుకునేలోగా ఆయనే అందుకున్నాడు. “అయినా పుట్టినరోజు కానుకకు ఇంత రాద్ధాంతం ఎందుకు? ముసలాయన సంతోషిస్తాడు, అది చాలు. మీ దేశంలో ఇలాంటి కాగితాలు అలవాటు ఉండవు, అందుకే మీకు కంగారు.” ఫోన్ పెట్టేశాడు.

మాకు అలవాటు ఉండవట! మా ఊళ్ళో తాతగారి పొలం పంచుకోవాలంటే వంశవృక్షం రాసి, సాక్షులతో సంతకాలు పెట్టించి, తాసీల్దారు కార్యాలయం చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి. అందులో లేని కొడుకును ఇరికిస్తే అన్నదమ్ములు మర్నాడే కోర్టుకెక్కుతారు. ఆ మాట అప్పుడు తోచలేదు, రాత్రి పడుకున్నాక తోచింది.

1922 జూన్ 30న అంతర్యుద్ధంలో పబ్లిక్ రికార్డ్ ఆఫీసు బూడిదైన మాట నిజమే. అయితే ఆ మంటను అడ్డం పెట్టుకుని బతికే ఈ బాపతు మనుషులు మిగిలినవాటి ఊసెత్తరు. భూములున్న కుటుంబాలవి చాలానే మిగిలాయి. 1800కు ముందు ప్రెరొగేటివ్ కోర్టుకు (ఆస్తిపరుల వీలునామాలు చూసే చర్చి కోర్టు) చేరిన వీలునామాలు కాలిపోయినా, వాటిలోంచి వంశచరిత్రకారుడు సర్ విలియం బెథమ్ అంతకు చాలాకాలం ముందే రాసిపెట్టుకున్న బంధుత్వాల వివరాలు ఉన్నాయి. ఆస్తి దస్తావేజులు నమోదు చేస్తూ 1708 నుంచి నడుస్తున్న రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్ హెన్రియెట్టా వీధిలో చెక్కుచెదరలేదు. బట్లర్ల మధ్యయుగపు దస్తావేజుల సారం అచ్చయి ఉంది. 1654-56 సివిల్ సర్వేలో టిప్పెరరీ సంపుటాలూ అచ్చులో ఉన్నాయి, ఎవరి కోట, ఎవరి పొలం అంతా రాసి ఉంటుంది. నా 650 యూరోల కాగితంలో వీటిలో ఒక్కదాని పేరూ లేదు. ఇవి తెరిచి చూస్తే థామస్ పుట్టేవాడు కాడు మరి.

ఆ లైబ్రరీ ఆవిడే 1901 జనగణన పత్రం తెరమీద తెరిచి చూపించింది. అది ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా చూసుకోవచ్చు. అందులో మామగారి ముత్తాత ఉన్నాడు, నిజమైనవాడు. వృత్తి దగ్గర వ్యవసాయ కూలీ అని ఉంది. సంతకం చేయాల్సినచోట ఆయన పెట్టిన గుర్తు, రెండు అడ్డగీతలు. లాక్‌మో బారన్లతో ఆయనకు చుట్టరికం ఉందో లేదో తేలాలంటే ఇక్కడి నుంచి ఒక్కొక్క తరమే వెనక్కి వెళ్ళాలి. పైనుంచి కిందికి దూకడం కాదు. ఇంత చిన్న సంగతి ఆలోచించకుండా పట్టుదారం చూసి మురిసిపోయిన నా తెలివికి ఏ డాలు ఇవ్వాలో!

కొనేవాళ్ళు ఉంటే ఒక మాట. ప్రతి తరానికీ ఏ దస్త్రం, అది ఎక్కడ ఉంది అని రాసిమ్మనండి. 1861 నుంచి 1891 దాకా జనగణన పేరు చెబితే అక్కడే లేచి వచ్చేయండి. ఇంటిపేరుకు డాలు అమ్ముతామన్నా అంతే, డాలు ఒక మనిషికి ఇస్తారు గానీ ఆ ఇంటిపేరున్న అందరికీ కాదు. మనిషిని పెట్టుకోక తప్పదనుకుంటే వంశచరిత్ర పరిశోధకుల సంఘమైన అక్రెడిటెడ్ జీనియాలజిస్ట్స్ ఐర్లండ్ జాబితాలో వెతకండి, డబ్బు విడతలుగా ఇవ్వండి.

ఇప్పటికే ఆ ప్రకటన చూసి కార్డుతో కట్టినవాళ్ళు ఉంటే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు ఫిర్యాదు రాయండి. నేను నిన్ననే పంపాను, ఇంకా జవాబు రాలేదు.