అడ్డొస్తున్న చెట్టు: కొమ్మలు కొట్టించాలా, మొత్తం తీయించాలా?

ముందు అడ్డు ఎక్కడుందో చూడండి. కిటికీకి కొమ్మ తగులుతుంటే కత్తిరింపుతో సరిపోతుంది. మొదలే గోడను నెడుతుంటే కొమ్మలు కొట్టినా లాభం లేదు.

ఖర్చు: కొట్టించడానికి తక్కువే, కానీ కొన్నేళ్లకోసారి తప్పదు.
తీయించడం ఒక్కసారే, అయితే మొద్దు తవ్వించడానికి విడిగా అవుతుంది.

రిస్క్: కొట్టించేటప్పుడు పెద్ద తప్పు చెట్టు తల నరికేయడం. అక్కడ గుబురుగా వచ్చే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు, గాలికి విరుగుతాయి. ఏడాదిలో పచ్చని కొమ్మల్లో 25 శాతం మించి తీయొద్దు. కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే భాగాన్ని వదిలి కోయాలి, అప్పుడే గాయం బాగా మూసుకుంటుంది.
తీయించేటప్పుడు పడే దిక్కు తప్పితే ఇల్లే దెబ్బతింటుంది. చాలా చోట్ల అనుమతి కూడా కావాలి.
కరెంటు తీగలు దగ్గరుంటే రెండింటికీ ముందు విద్యుత్ సిబ్బందికి చెప్పాల్సిందే.

నీడ: కొడితే మళ్లీ వస్తుంది. తీసేస్తే కొత్త చెట్టు పెరిగి నీడ ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది. నాకైతే ఇదే అన్నిటికన్నా పెద్ద లెక్క.

చెట్టు గట్టిగా ఉండి కొమ్మలే ఇబ్బందైతే కొట్టించండి. కాండం బాగా కుళ్లినా, చెట్టు కొత్తగా ఒరిగి మొదట్లో మట్టి లేస్తున్నా ఆలస్యం చేయకుండా తీయించండి.