మంక్ కూర్చిన కీర్తనల పుస్తకం: ఏ ప్రతి కొనాలి, ఎలా వాయించాలి

అట్ట మీద ‘హిమ్స్ ఏన్షియెంట్ అండ్ మోడర్న్’ (ఇంగ్లండ్ చర్చిల ఇంగ్లీషు కీర్తనల పుస్తకం) అని కనబడగానే కొనేయకండి. ఆ పేరుతో చాలా పుస్తకాలున్నాయి. 1861లో సంగీతంతో వచ్చిన మొదటి ప్రతిలో 273 కీర్తనలు. 1868లో అనుబంధం చేరి 386 అయ్యాయి. 1875 నాటికి 473, 1889 నాటికి 638. 1904లో నంబర్లన్నీ మార్చి, జనానికి అలవాటైన మాటల్ని కూడా తిరగరాశారు. చర్చి సంఘాలు ఆ ప్రతిని దగ్గరికి రానివ్వలేదు. 1922 స్టాండర్డ్ ఎడిషన్‌లో 779 ఉన్నాయి, 1950 రివైజ్డ్‌లో 636కి తగ్గించారు. విక్టోరియా కాలపు వరుసలు కావాలనుకునేవారికి స్టాండర్డ్ మంచిది. కొనేముందు లోపల ‘ఫుల్ మ్యూజిక్’ అని ఉందో లేదో చూడండి. మాటలు మాత్రమే ఉన్న చిన్న ప్రతులు పాతపుస్తకాల కొట్లలో ఎక్కువ, వాయించేవారికి అవి పనికిరావు. టానిక్ సోల్ఫా (స్వరాలను డో, రే, మీ అక్షరాలతో రాసే పద్ధతి) ప్రతి దొరికితే వదలకండి. సరిగమలు తెలిసినవారికి గీతల మీద రాసే స్టాఫ్ నొటేషన్ కన్నా అదే సులువు.

ఈ పుస్తకానికి సంగీత సంపాదకుడు విలియం హెన్రీ మంక్. 1823లో లండన్‌లో పుట్టాడు. కింగ్స్ కాలేజీలో క్వయర్ నడిపాడు, ఆర్గన్ వాయించాడు, 1874లో అక్కడే గాత్ర సంగీతానికి ప్రొఫెసరయ్యాడు. 1850ల మొదట్లో స్టోక్ న్యూయింగ్టన్‌లోని సెయింట్ మథయాస్ చర్చిలో ఆర్గనిస్టుగా చేరి 1889లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. అక్కడ జీతం లేని గాయకులతో రోజూ పాటల ఆరాధన జరిపించేవాడు. పుస్తకంలోని హార్మనీ, అంటే పాటకు తోడుగా పలికే స్వరాల కూర్పు, ఇంత నిరాడంబరంగా ఎందుకుందో దీన్నిబట్టే తెలుస్తుంది. పగలంతా పనిచేసి సాయంత్రం పాడటానికొచ్చిన మనిషి గొంతుకు అందేలా కూర్చాడు.

దానికి పక్కా నిదర్శనం స్టాండర్డ్ ప్రతిలో 27వ కీర్తన, ‘అబైడ్ విత్ మీ’. మాటలు హెన్రీ ఫ్రాన్సిస్ లైట్‌వి, ఆయన 1847లోనే చనిపోయాడు. మంక్ 1861 పుస్తకం కోసం కట్టిన ‘ఈవెన్‌టైడ్’ వరుస దీనికి అతుక్కుపోయింది. పది నిమిషాల్లో కట్టాడని ఒక కథ, సూర్యాస్తమయం చూస్తూ దుఃఖంలో కట్టాడని ఇంకో కథ. ఏది నమ్మినా వాయించేవారికి ఒరిగేదేమీ లేదు.

శ్రుతి ‘ఈ ఫ్లాట్’ (E♭), మన లెక్కలో రెండున్నర. నాలుగు పాదాలు, పాదానికి పది స్వరాలు:

గ గ రి స ప ద ప ప మ గ
గ మ ప ద ప మ రి గ మ ప
గ గ రి స ప ప మ మ గ రి
రి గ మ గ రి స మ గ రి స

స నుంచి ద దాకా, ఆరంటే ఆరు స్వరాలు. ఎవరి గొంతూ చిరగదు. రెండో పాదం చివరి మధ్యమం మాత్రం ప్రతి మధ్యమం. అప్పటిదాకా శంకరాభరణంలా నడిచిన పాట, ఎఫ్ నుంచి బీ ఫ్లాట్‌కి మారే కార్డులతో (కార్డు అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపు), అక్కడ పంచమం మీదికి వాలుతుంది. తప్పులు కూడా ఎక్కువ అక్కడే. చేతి హార్మోనియంలో ఆగకుండా మోగే స–ప డ్రోన్ తెరిచి ఉంచి వాయిస్తే ఆ స్వరం దగ్గర గీసుకుంటుంది, డ్రోన్ మూసేయాలి. ఒక చెయ్యి బెలోస్‌కే పోతుంది కాబట్టి దానిమీద నాలుగు పార్టులూ పలకవు. పై రెండు, సొప్రానో, ఆల్టో చాలు. కీబోర్డు మీదైతే ఆటో కార్డు, స్టైల్ ఆపేయండి. ఇందులో కార్డు దాదాపు ప్రతి మాత్రకూ మారుతుంది, మెషీన్ వెనకబడుతుంది. ఎడమచేతికి కింది రెండు పార్టులు, టెనర్, బాస్ అందనిచోట టెనర్‌ను కుడిచేతికివ్వాలి. పెడల్ ఉన్న ఆర్గన్‌లో బాస్‌ను కాలికి వదిలేస్తే ఆ ఇబ్బందే లేదు.

మొదటి రెండు గాంధారాల మధ్య మీట తప్పనిసరిగా ఎత్తాలి. ఎత్తకపోతే ఆర్గన్‌లో అవి ఒకే పొడుగు స్వరమై, జనం రెండో అక్షరం ఎక్కడ పలకాలో తెలియక తడబడతారు. లోపలి పార్టులను పట్టి ఉంచవచ్చు, పైపార్టును మాత్రం విడదీయాలి. ఊపిరి నాలుగో స్వరం, అంటే రెండు మాత్రల షడ్జం చివర. వేగం నిమిషానికి 76 మాత్రలు పెట్టుకుంటే చరణానికి 50 సెకన్లు. 60కి దింపితే పాదం 16 సెకన్లవుతుంది, పెద్దవాళ్లు మధ్యలోనే ఆగిపోతారు. గాంధీజీకి ఇష్టమైన ఈ పాటను జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో, గణతంత్ర వేడుకల ముగింపు అయిన బీటింగ్ రిట్రీట్‌కు దశాబ్దాలపాటు వాయించారు, 2022లో తీసేశారు. టీవీలో విన్న ఆ గంటల మోత, ఆ నిదానం బ్యాండుకు అందం. పాడేవాళ్లకు ఆ వేగం పెట్టకండి.

పుస్తకంలో లోపాలు లేకపోలేదు. కొన్నిటి శ్రుతి మరీ ఎక్కువ: ‘హోలీ, హోలీ, హోలీ’ కీర్తనకు డైక్స్ కట్టిన ‘నైసీయా’ వరుస, 160వది, ‘ఈ మేజర్’లో (E) ఉంది. ఆదివారం పొద్దున్నే తారస్థాయి ‘ఈ’ స్వరం అందుకోవడం కష్టం, ‘డీ’కి దించి వాయించండి. అందరూ ఒకే వరుసగా, హార్మనీ లేకుండా పాడే పాత ప్లెయిన్‌సాంగ్ వరుసల్లో స్వరానికో కార్డు తగిలించడం మరో పొరపాటు, ఎగరాల్సిన పాటకు బరువు కట్టినట్టుంటుంది. 16వ శతాబ్దపు ఇటాలియన్ స్వరకర్త పాలెస్ట్రీనా సంగీతం నుంచి మంక్ మలిచిన ‘విక్టరీ’ వరుస మాత్రం అచ్చంగా కుదిరింది. దానికి చివర అల్లెలూయా చేర్చింది ఆయనే.

ప్రతి కీర్తన చివరా అచ్చువేసిన ఆమేన్‌ను అన్నిచోట్లా వాయించనక్కర్లేదు. 27వ దానికి మాత్రం ‘ఏ ఫ్లాట్’ (A♭) నుంచి ‘ఈ ఫ్లాట్’కి (E♭) వచ్చే ఆ రెండు కార్డులూ ఉంచండి, అంత్యక్రియల్లో ఈ పాట పాడేటప్పుడు సమాధి దగ్గర జనం వాటికోసం ఆగి ఉంటారు.