ఆటోనగర్ లేత్ షాపులో చేయించిన షంటింగ్ ఇంజిన్ చక్రాలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీల షాఫ్టులు, బుష్‌లు చేసే ఒక చిన్న లేత్ షాపులో, నేను 1:32 స్కేలులో (అసలు దానిలో 32వ వంతు కొలతలతో) కడుతున్న, యార్డుల్లో పెట్టెలను అటూ ఇటూ జరిపే ఆవిరి షంటింగ్ ఇంజిన్ నమూనాకు ఆరు చక్రాలు, మూడు ఇరుసులు చేయించుకున్నాను. బాడీని ఇత్తడి రేకుతో ఇంట్లోనే కత్తిరించి టంకం వేసుకోవచ్చు గాని, చక్రాలకు లేత్ తప్పదు. ఈ స్కేలులో విదేశాల నుంచి వచ్చే రెడీమేడ్ చక్రాలు సాధారణంగా 45 మి.మీ. పట్టాలకు చేసినవి, అవి పట్టాల మధ్య 1435 మి.మీ. ఉండే స్టాండర్డ్ గేజికి సరిపోతాయి. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ. కాబట్టి నమూనా పట్టాల మధ్య 52.4 మి.మీ. ఉండాలి. అసలు బండిలో జత చక్రాల లోపలి ముఖాల మధ్య ఉండే 1600 మి.మీ. ఇక్కడ సరిగ్గా 50 మి.మీ. అవుతుంది. ఈ కొలత తప్పితే ఎంత చక్కని బాడీ పెట్టినా అది మన యార్డుల్లో తిరిగిన ఇంజిన్‌లా కనిపించదు.

మేస్త్రీ గారు డ్రాయింగును ఓపికగా చదివి, చక్రం తొక్కుడు భాగానికి (పట్టా మీద ఆనే అంచుకు) ఉన్న 20కి 1 వాలు ఎందుకని అడిగి తెలుసుకుని, ఆ ఆకారానికి తగ్గట్టు ఒక టూల్ బిట్‌ను ప్రత్యేకంగా సానపట్టారు. ఆరు చక్రాలనూ ఒకే మాండ్రెల్ (చక్రం రంధ్రంలో దూర్చి పట్టే కడ్డీ) మీద ఎక్కించి, చివరి కోతను డయల్ మీద ఒకే గుర్తు దగ్గర ఆపడం వల్ల 40.5 మి.మీ. వ్యాసంలో తేడా దాదాపు లేదు. షంటింగ్ ఇంజిన్‌కు ఇది చాలా ముఖ్యం. తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగడానికి దానికి చిన్న చక్రాలు పెట్టి, అన్నింటినీ రాడ్లతో కలుపుతారు. నమూనా కూడా పాకుతున్నంత నెమ్మదిగా నడవాలి గనుక చక్రంలో ఏ కాస్త ఊగు ఉన్నా కంటికి ఇట్టే దొరుకుతుంది.

లోపం కలుపుడు రాడ్లను చక్రాలకు తగిలించే క్రాంక్ పిన్ రంధ్రాల దగ్గర వచ్చింది. డ్రిల్ ప్రతిసారీ ఒకే చోట దిగేలా చూసే జిగ్ లేకుండా గీత గీసి, పంచ్ కొట్టి డ్రిల్ చేయడంతో రెండు చక్రాల్లో కేంద్రం నుంచి దూరం మారి, కలుపుడు రాడ్లు పట్టేశాయి. ఒక పక్క క్రాంక్ కొసకు చేరి తోయలేని చోట రెండో పక్కది తోయాలని ఆవిరి ఇంజిన్‌లో రెండు వైపుల క్రాంక్‌లను 90 డిగ్రీల తేడాతో అమరుస్తారు. మూడు ఇరుసుల మీదా ఆ కోణం, ఆ దూరం ఒక్కటిగా లేకపోతే నమూనా మోటారు కూడా ఆగిపోతుంది. ఈ సంగతి చెప్పగానే మేస్త్రీ గారు రంధ్రాలను బుష్‌తో మూసి, జిగ్ ప్లేటు చేసి, అదనపు డబ్బు తీసుకోకుండా మళ్ళీ డ్రిల్ చేసి ఇచ్చారు. ఇప్పుడు చక్రాలు చేతితో కాస్త తోస్తే చాలు, హాయిగా తిరుగుతున్నాయి.

ఇత్తడి కడ్డీ మనమే కొని ఇవ్వాలి. కూలి మిషన్ నడిచిన గంటలను బట్టి కడతారు కాబట్టి ముందే మాట్లాడుకోవడం మంచిది. లారీ పని వస్తే మన పని పక్కకు పోతుంది; తొందర ఉన్నవారికి ఇది ఇబ్బందే. సిలిండర్లు, పొగగొట్టం కూడా ఇక్కడే ఇస్తున్నాను, ఈసారి జిగ్ డ్రాయింగును కూడా జతచేసి.