సిగ్నల్ హిల్, కేబట్ టవర్: ఎక్కడం కంటే దిగడమే బాగుంది

మా అబ్బాయి కెనడా తూర్పు కొసన, సెయింట్ జాన్స్‌లో మెమోరియల్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. జూన్‌లో మేమిద్దరం వెళ్తే ముందు సిగ్నల్ హిల్‌కే తీసుకెళ్ళాడు.

కొండ మీది కేబట్ టవర్ దూరం నుంచి కోట బురుజులా ఉంటుంది. 1497లో ఇంగ్లండ్ రాజు అనుమతితో బ్రిస్టల్ నుంచి అట్లాంటిక్ దాటి వచ్చిన ఇటలీ నావికుడు జాన్ కేబట్‌కి ఇది స్మారకం. విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్ళు నిండిన సందర్భాన్ని కూడా కలిపి 1897లో పునాది వేశారు. ఆయన తర్వాత యూరప్ జాలర్లు కాడ్ చేపల కోసం వచ్చారు. ఇంగ్లండ్, ఐర్లండ్ వాళ్ళు క్రమంగా ఇక్కడే స్థిరపడ్డారు. వాళ్ళకంటే ముందు నుంచీ ఉన్న బియోతుక్ ప్రజల్లో చివరి మనిషిగా చెప్పుకునే షానాడితిత్ అనే ఆవిడ 1829లో ఈ ఊళ్ళోనే చనిపోయింది. టవర్ మాత్రం కేబట్‌కి! నాకు మనసొప్పలేదు.

లోపల పెద్దగా ఆశించకండి. మార్కోని ముచ్చట ఒక్కటి బాగుంటుంది. 1901 డిసెంబర్ 12న ఇంగ్లండ్ నుంచి వచ్చిన వైర్‌లెస్ సిగ్నల్‌ని ఆయన ఈ కొండ మీదే విన్నాడు. అదీ టవర్లో కాదు, దగ్గర్లోని పాత ఆసుపత్రి భవనంలో, గాలిపటానికి ఏరియల్ తీగ కట్టి!

అసలు మజా నార్త్ హెడ్ బాటలో ఉంది. టవర్ దగ్గర మొదలై, కొండ అంచునే సముద్రం వైపు దిగి, ఓడలు రేవులోకి వచ్చే ఇరుకు దారి పక్కగా బ్యాటరీ అనే పేటలో తేలుతుంది. ఒకచోట రాతికి బిగించిన గొలుసు పట్టుకుని నడవాలి. మా ఆవిడకి అక్కడ కాస్త టెన్షన్. మోకాళ్ళ నొప్పులుంటే వద్దు, కారులో పైకెళ్ళి కారులోనే దిగండి. ఎండ ఉన్నా స్వెటర్ తప్పనిసరి. పొగమంచు కమ్మితే టవరే కనబడదు, ఆ రోజుకి వదిలేయండి.

బస మొదట జార్జ్ స్ట్రీట్ దగ్గర ఒక గెస్ట్ హౌస్‌లో తీసుకున్నాం. కింద బార్ల హోరుకి అర్ధరాత్రి దాటినా నిద్ర లేదు, గది మార్చమంటే పట్టించుకోలేదు. యూనివర్సిటీ వైపుకి మారాక హాయిగా ఉంది. శాకాహారులు వంట చేసుకునే వీలున్న గది చూసుకోవాలి. ఊళ్ళో ఎటు తిరిగినా చేపే.

ఇంటికి ఫోన్ చేసేవాళ్ళకి ఒక సుఖం: వేసవిలో మనకీ ఇక్కడికీ సరిగ్గా 8 గంటల తేడా, అరగంటల లెక్క అక్కర్లేదు.