బుక్ డిజైన్ చేయించుకునేటోళ్లు జాగ్రత్త, బ్లీడ్ చూడకుండ మిగిలిన పైసలు ఇయ్యకుండ్రి

హనుమకొండ, కాజీపేట, వరంగల్ దిక్కు సొంతంగ పుస్తకం వేయించుకునేటోళ్లు ఎవరన్న ఉంటే ఇది ఒక్కసారి చదువుండ్రి. మా అమ్మ చిన్నప్పటి సంది పాడిన బతుకమ్మ పాటలన్ని నోటుబుక్కుల రాసి పెట్టుకుంది, ఎంగిలిపూల నాటికి పుస్తకం చేసి వాడకట్టు ఆడోళ్లందరికి పంచాలని 300 కాపీలు వేయించిన. డెమీ సైజు, అంటే ఐదున్నర బై ఎనిమిదిన్నర ఇంచులు. కవర్ నిండ తంగేడు పూల ఫోటో, ప్రతి పాటకు ముందు గూడ అంచుల దాక ఫోటో.

డిజైన్ చేసినాయన ల్యాప్‌టాప్‌ల చూపిస్తే మస్తుగ ఉండె, మిగిలిన పైసలు అప్పుడే కొట్టిన. తెల్లారి ప్రెస్సోళ్లు ఫోన్ చేసి దీంట్ల బ్లీడ్ లేదు అన్నరు. కటింగ్‌ల కాగితం ఒక మిల్లీమీటరు అటో ఇటో జరుగుతది, అందుకే ఫోటో పేజీ అంచు దాటి 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలె, దాన్నే బ్లీడ్ అంటరు, అది లేకుంటే అంచుకు తెల్లగీత పడుతది.

ఆయనకు చెప్తే ఫోటోలు సరిచెయ్యలే, పీడీఎఫ్ మొత్తాన్ని 105 శాతం పెద్దగ చేసి పంపిండు, నాకు తెల్వక సరే అన్న. తెల్లగీత పోయింది గని ఫోటోతోని అక్షరాలు గూడ బయటికి జరిగినయ్, కింది అంచుకు 6 మిల్లీమీటర్ల దూరంల ఉన్న పేజీ నంబరు ఒక మిల్లీమీటరు కాడికి వచ్చింది, కటింగ్‌ల చానా పేజీలకు నంబర్లు సగం తెగిపోయినయ్. అమ్మ చేతిల పెట్టాలంటే పానం ఒప్పలే.

తర్వాత తెలిసినోళ్ల దగ్గర కూసొని చూస్తే తప్పు రెండు తాన్ల ఉంది. ఇన్‌డిజైన్‌ల, అంటే పుస్తకం పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ల, పేజీ చుట్టూ బ్లీడ్ చూపించే ఎర్రగీత ఉంటది, ఫోటో బాక్సు దాని దాక గుంజాలె, ఆయన పేజీ అంచు కాడనే ఆపిండు. రెండోది, పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మార్క్స్ అండ్ బ్లీడ్స్‌ల యూజ్ డాక్యుమెంట్ బ్లీడ్ సెట్టింగ్స్ టిక్ పెట్టలే, అక్కడ బ్లీడ్ ఇయ్యకుంటే ఫోటో ఎంత గుంజినా అంచు దాటిన భాగం పీడీఎఫ్‌ల రాదు. ప్రివ్యూల ఇవేవి కనపడయి, అందుకే స్క్రీన్ మీద చూసి నమ్మకుండ్రి. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌ల పేజీ సైజు చూడుండ్రి, కట్ గుర్తులు లేని డెమీ ఫైలు నాలుగు దిక్కుల బ్లీడ్‌తోని 5.74 బై 8.74 ఇంచులు రావాలె, ఉత్త 5.5 బై 8.5 ఉంటే బ్లీడ్ లేనట్టే.

ఓపెన్ ఫైల్, అంటే మార్పులు చేసుకోనీకి వచ్చే అసలు ఇన్‌డిజైన్ ఫైల్, ఇయ్యి, వేరేటోళ్లతోని చేయించుకుంట అంటే దానికి మళ్ల పైసలు అడిగిండు. పని మొదలు వెట్టకముందే ఓపెన్ ఫైల్, ఫాంట్లు, ఫోటోలు అన్ని ప్యాకేజ్ చేసి ఇయ్యాలని మాట్లాడుకోండ్రి, ఫాంట్లు లేకుండ ఫైలొక్కటే ఇస్తే వేరే సిస్టంల తెలుగు లైన్లన్ని జరిగిపోతయ్. ప్రెస్‌ల ఒక్క డమ్మీ కాపీ కట్ చేయించి చేతిల పట్టుకొని చూసినంకనే మొత్తం ప్రింట్‌కు ఓకే అనుండ్రి, నేను ఆ ఒక్కటి చేయించి ఉంటే 300 ఇట్ల ఖరాబ్ కాకపోవు.